సుక్కకు తెలిసిన మాటలు

నేను రియాద్‌లో సూపర్‌వైజర్‌నని ఊళ్ళో చెప్పుకున్నాను. చెప్పి ఊరుకోలేదు, పోయినసారి సెలవుకు వెళ్ళినప్పుడు చొక్కా జేబులో రెండు పెన్నులు పెట్టుకుని తిరిగాను కూడా. నిజానికి నా పని కుక్కలకు గంతులు నేర్పడం. ఇంకా నిజం చెప్పాలంటే, కుక్కల ముందు నేను గంతులు వేయడం.

ఈ పనికి నేను కోరి రాలేదు. పదేళ్ళు టైల్స్ మేస్త్రీగా చేశాను. నితాకత్ చట్టం వచ్చాక, సౌదీవాళ్ళను చాలినంతమందిని పెట్టుకోలేదని మా కంపెనీ ఎరుపు జాబితాలో పడింది. ఎరుపులో పడ్డ కంపెనీలో మన ఇకామా, అంటే ఇక్కడ ఉండడానికి ఇచ్చే పర్మిట్, రెన్యువల్ కాదు. ఇచ్చిన గడువులో ఇంకో కఫీల్‌ను, అంటే మన కాగితాలకు పూచీ ఉండే యజమానిని, వెతుక్కోవాలి, లేదా ఎగ్జిట్ కొట్టించుకుని ఇంటిదారి పట్టాలి. గడువు ఇంకా పదకొండు రోజులుందనగా నాకు దొరికిన కఫీల్ తుర్కీ. అతన్ని ముదీర్, అంటే పెద్దసారు, అని పిలుస్తాను. రియాద్ బయట, సుమామా రోడ్డు మీద, అతనికి పెద్ద ప్రహరీ ఉన్న తోట ఒకటి ఉంది. ఊళ్ళకు పోయేవాళ్ళు తమ కుక్కలను అక్కడ వదిలి వెళ్తారు. మిగతా రోజుల్లో వాటికి ఆటలు నేర్పిస్తారు. ఇకామాలో నా పని తోట కూలీ. నాలుగు ఖర్జూరపు చెట్లు ఉన్నాయి కాబట్టి అది పూర్తిగా అబద్ధమేమీ కాదు.

తుర్కీ ఎక్కడో చలిదేశంలో చదువుకుని, చదువుతో పాటు ఈ పిచ్చిని కూడా తెచ్చుకున్నాడు. ఆట అంటే ఇదీ. మైదానంలో కొన్ని అడ్డకర్రలు, ఒక ఊగే బల్ల, రెండు వైపులా వాలుగా దిగే చెక్క గుట్ట, గుడ్డతో కుట్టిన పొడుగాటి సొరంగం ఉంటాయి. కుక్క వీటన్నింటినీ వరసగా దాటుకుంటూ పోవాలి, పక్కన మనిషి పరిగెత్తుతూ దారి చూపాలి. కొన్ని కుక్కలు గెలవడానికి ఆడతాయి. పిరికి కుక్కలకు మాత్రం ఇది మందు అంటాడు తుర్కీ. ఊగే బల్ల మీద నాలుగు కాళ్ళూ నిలదొక్కుకున్న కుక్క, ఇంట్లో తలుపు కొట్టుకుంటే మంచం కింద దూరదని అతని నమ్మకం. కుక్క మన నోటిని కాదు, మన భుజాలను, పాదాలను చూస్తుందని, మనం బిగుసుకుంటే అదీ బిగుసుకుంటుందని వందసార్లు చెప్పాడు. డబ్బున్నవాడి వేదాంతం అని నేను లోలోపల నవ్వుకునేవాణ్ణి.

సుక్క వచ్చాక నవ్వడం మానేశాను. దాని అసలు పేరు సుక్కర్, అంటే చక్కెర. ఒంటి రంగు చూసి ఒక జోర్డాన్ ఇంజనీరు కూతురు పెట్టిన పేరు. నా నోట్లో పడి సుక్క అయింది. సర్కారు విదేశీయుల భార్యాపిల్లల తలకింత అని లెవీ వేసి, ఏటేటా పెంచుకుంటూ పోతుంటే, ఆ ఇంజనీరు ముందు వాళ్ళను పంపేశాడు. తర్వాత తానూ వెళ్ళిపోయాడు. కుక్కను ఒక్క నెల చూసుకోమని మా దగ్గర వదిలాడు. నెల తిరిగాక అతని ఫోను పలకలేదు. 2018 ఎండాకాలంలో అలా మా దగ్గర మిగిలిపోయిన కుక్కలు ఆరు.

మిగతా ఐదూ వారం తిరక్కుండా నన్ను చూసి తోక ఆడించాయి. సుక్క మాత్రం గిన్నె చప్పుడుకే ఉచ్చ పోసుకునేది. ప్లాస్టిక్ సంచి గాలికి కదిలితే గోడకు అతుక్కుపోయేది. నేను గట్టిగా తుమ్మితే ఆ పూట తిండి ముట్టేది కాదు. అసలే నాకు ఓపిక తక్కువ. నా చేతి కింద హెల్పర్లుగా చేసినవాళ్ళను అడిగితే చెబుతారు.

ఏ కుక్కకైనా ఇంగ్లీషులోనే చెప్పాలని తుర్కీ నియమం. రేపు ఎవరింటికి పోయినా ఆ మాటలే పనికొస్తాయి కదా. నా ఇంగ్లీషు సైటు మీద ఫోర్‌మన్ల దగ్గర నేర్చుకున్నది. అందులో ప్రతి మాటా తిట్టులాగే వస్తుంది. నేను 'జంప్' అనగానే సుక్క నేలకు కరుచుకుని కళ్ళు మూసుకునేది. ఒకరోజు విసుగొచ్చి, నేల మీద పెట్టిన కర్ర పక్కన చతికిలబడి, "దుంకు బిడ్డా. నీకేం గాదు, నేనున్న గద," అన్నాను. అది తల ఎత్తి నా మొహంలోకి చూసింది. లేచి, ఒక్కో కాలే తీసి వేస్తూ ఆ కర్రను దాటింది.

నా తప్పు అక్కడే మొదలైంది. ముందు కుక్క మాట వింటే చాలు, ఇంగ్లీషులోకి తర్వాత మార్చుకోవచ్చు అనుకున్నాను. గల్ఫ్‌లో మావాళ్ళందరం చేసేది ఇదే. ముందు పని కానిస్తాం, కాగితాల సంగతి తర్వాత చూసుకుందాం అంటాం. ఆ తర్వాత ఎప్పుడూ రాదు. తుర్కీ తన ఆఫీసు కిటికీలోంచి మమ్మల్ని చూసేవాడు గానీ, మాటలు అక్కడిదాకా వినిపించవు. అడిగినప్పుడల్లా అంతా ఇంగ్లీషేనని చెప్పాను.

అన్నింటికంటే సొరంగం ఏడిపించింది. దాని మూతి దగ్గరికి తీసుకుపోతేనే సుక్క వణికేది. రెండు నెలలు చూసి, చివరికి నేనే అందులో దూరాను. నలభై మూడేళ్ళ మనిషిని, పోతరాజు లాంటి ఒళ్ళు వేసుకుని, మోకాళ్ళ మీద పాక్కుంటూ ఈ చివర నుంచి ఆ చివరకు పోయాను. అవతల మోకాళ్ళ మీదే కూర్చుని, అరచేతులతో నేలను తడుతూ, పసిపిల్లలను పిలిచే గొంతుతో "దా నా తల్లి, దా, జొర్రు, జొర్రు," అని పిలిచేవాణ్ణి. రోజుకు ఇరవైసార్లు అదే పని. నవంబరులో ఒక పొద్దున సుక్క కళ్ళు మూసుకుని లోపల దూరింది. గుడ్డ అంతా కదిలిపోతుండగా ఇవతలికి వచ్చి నా ఛాతీకి గుద్దుకుంది. నేను ఏడ్చాను. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

ఆ తర్వాత సుక్క సుక్కలా లేదు. గిన్నె మోగితే పరిగెత్తుకొచ్చేది. నీళ్ళ టాంకర్ వస్తే గేటు దగ్గరికి వెళ్ళి మొరిగేది. దాని మొరుగుడు నేను వినడం అదే మొదటిసారి. జనవరికల్లా అన్ని అడ్డాలూ ఒక్క ఊపులో దాటేసేది, నా గొంతు వినిపిస్తూ ఉంటే చాలు.

ఫిబ్రవరిలో తుర్కీ నన్ను పిలిచి సంగతి చెప్పాడు. పనివాళ్ళ మీద లెవీ మళ్ళీ పెరిగింది. విదేశీ కుటుంబాలు వెళ్ళిపోతున్నాయి, కుక్కలను వదిలేవాళ్ళే తప్ప తీసుకొచ్చేవాళ్ళు లేరు. ఆ శుక్రవారం సాయంత్రం అసర్ నమాజు తర్వాత ఆరు కుక్కలతోనూ ఆట పెట్టిస్తాడు. పెంచుకోవాలనుకునేవాళ్ళు చూసి తీసుకెళ్తారు. మిగిలినవి హఫర్ అల్ బాతిన్ దగ్గర ఒక గొర్రెల మందకు పోతాయి. అక్కడ కుక్క అంటే మెడకు గొలుసు, నీడకు ఒక ఇనుప డ్రమ్ము. మిగతావి ఎలాగో బతుకుతాయి. సుక్క అక్కడ భయంతోనే చచ్చిపోతుంది. ఆ మాట నేనూ అనలేదు, అతనూ అనలేదు.

సుక్క కోసం ఒకావిడ అప్పటికే అడిగింది. పేరు జైనాబ్. హుఫూఫ్ నుంచి వచ్చి రియాద్‌లో టీచరుగా చేస్తోంది. తుర్కీ కిటికీలోంచి తీసి పంపిన వీడియో చూసి సుక్క మీద మనసు పడింది. తన ఇల్లు పెద్ద రోడ్డు మీద ఉందని, జనం మధ్యలో ఇది బెదరకుండా సొరంగం దాటితే చాలు, ఆ రోజే తీసుకుపోతానని చెప్పింది. "ఇది ఖాయం, రాజా," అన్నాడు తుర్కీ. నా పేరు రాజలింగం, అంత పొడుగు పేరుకు అతని నోరు తిరగదు. నాకూ ఖాయమే అనిపించింది. ముందురోజు సాయంత్రం సుక్క ఒక్క తప్పు లేకుండా మూడుసార్లు పరిగెత్తింది.

శుక్రవారం పొద్దున షామియానాలు, కుర్చీలు దింపడానికి సులై గోదాము నుంచి లారీ వచ్చింది. లారీ దిగినవాళ్ళలో ఆ గోదాములో పనిచేసే నా బామ్మర్ది స్వామి ఉన్నాడు. పక్కన మా పక్క ఊరి ఎల్లన్న. ఎల్లన్న నోట్లో నువ్వుగింజ నానదు. ఇక్కడ తుమ్మితే సాయంత్రానికల్లా మా మెట్‌పల్లిలో తెలుస్తుంది. వాళ్ళను చూడగానే నడుముకు కట్టుకున్న కుక్కబిస్కెట్ల సంచిని విప్పి ప్యాంటు జేబులో కుక్కుకున్నాను.

"ఓ బావా, నువ్వుండేది గీడనేనా?" అన్నాడు స్వామి.

"ఔ. ఈడ సూపర్‌వైజర్‌ను గద," అన్నాను.

"మంచిగుంది జాగ. కుర్చీలు ఏసినంక మేం గూడ జెరసేపు సూసి పోతం."

బావాబామ్మర్దుల మధ్య ఎగతాళి ఎలా ఉంటుందో చెప్పనక్కర్లేదు. ఒక్కసారి దొరికితే చచ్చేదాకా వదలరు. ఇంటికి వెళ్ళినప్పుడు ముప్పైమంది మధ్యలో స్వామి మోకాళ్ళ మీద కూర్చుని నన్ను అనుకరించడం అప్పుడే నా కళ్ళకు కనిపించింది. వెళ్ళిపొమ్మందామంటే నోరు రాలేదు.

సాయంత్రం మా వంతు వచ్చేసరికి కుర్చీలు నిండాయి. ముందు వరసలో జైనాబ్. సరిగ్గా సొరంగం అవతలి మూతి దగ్గర, మైదానం చుట్టూ కట్టిన తాడు పట్టుకుని స్వామి, ఎల్లన్న, ఇంకో ముగ్గురు మనవాళ్ళు నిలబడ్డారు. స్వామి చేతిలో ఫోను ఉంది. నేను సుక్క మెడపట్టీకి తగిలించిన తాడు విప్పాను. అది తోక ఊపుతూ నా మాట కోసం చూసింది.

"జంప్," అన్నాను.

సుక్క చెవులు వెనక్కి వాలాయి. నా మొహంలోకి చూసింది. కర్ర వైపు చూసి, మళ్ళీ నా వైపు చూసింది. నేను నిటారుగా, సూపర్‌వైజర్ నిలబడినట్టు నిలబడి, చెయ్యి చాపి మళ్ళీ అన్నాను. అలవాటు కొద్దీ మొదటి కర్ర దాటింది, రెండోది దాటింది. బల్ల మీద ఒక కాలు జారింది. నేను పెదవి విప్పలేదు. మామూలుగా అయితే అక్కడ "ఏం గాలే బిడ్డా" అంటాను. సొరంగం దగ్గరికి వచ్చి ఆగిపోయింది.

"టనెల్. గో. గో టనెల్."

అది వణుకుతోంది. ఏం చెయ్యాలో నాకు తెలుసు. నాలుగు అడుగులు పరిగెత్తి, అవతలి మూతి దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని, రెండు తెలుగు మాటలు అనాలి. అంతే. ఆ అవతలి మూతి దగ్గర స్వామి చెప్పులు కనిపిస్తున్నాయి. నా మోకాళ్ళు వంగలేదు.

"సూపర్‌వైజర్ సాబ్ మాట కుక్క ఇంటలేదు గదనే," అన్నాడు ఎల్లన్న. ఎవరో నవ్వారు. నాకు తల కొట్టేసినట్టయింది. ఆ కోపంలో సుక్క మెడపట్టీ పట్టుకుని దాని తలను సొరంగంలోకి నెట్టాను. ఎనిమిది నెలల్లో దాన్ని బలవంతంగా ముట్టుకోవడం అదే మొదటిసారి. అది అరవలేదు, కరవలేదు. నేలకు పరుచుకుపోయి, ఉన్నచోటనే ఉచ్చ పోసుకుంది. కళ్ళు మూసుకుంది.

తుర్కీ వచ్చి నా చేతిని తీసేశాడు. "ఏమైంది? నిన్న బాగానే పరిగెత్తింది కదా," అని అరబ్బీలో అడిగాడు. వెనకే జైనాబ్ కూడా వచ్చి నిలబడింది. జవాబు కోసం వాళ్ళిద్దరూ నా మొహమే చూస్తున్నారు. తప్పు నాది, దానికి ఇంగ్లీషు రాదు, ఒక్కసారి నా భాషలో పిలవనివ్వండి అంటే సరిపోయేది. ఆవిడ ఆగేది కూడా. నా జవాబు విన్నాక కూడా పదినిమిషాలు అక్కడే నిలబడి సుక్కను చూస్తూనే ఉంది.

"ఇది మజ్నూనా, ముదీర్. పిచ్చిది. దీనికి బుర్ర లేదు," అన్నాను.

నా గొంతు వినగానే సుక్క కళ్ళు తెరిచి తోకను ఒక్కసారి నేలకు కొట్టింది. నేను పక్కకు చూశాను. జైనాబ్ చివరికి వంగి దాని తల నిమిరి, వెళ్ళి కూర్చుంది. శనివారం వచ్చి ఇంకో కుక్కను తీసుకుపోయింది.

ఆ తర్వాత మూడు రోజులు సుక్క గూట్లోంచి బయటికి రాలేదు. నేను గిన్నె పెట్టి వచ్చేసేవాణ్ణి. దాని వైపు చూడడానికి మొహం చెల్లలేదు. తుర్కీకి నిజం చెబుదామని రోజూ పొద్దున అనుకుని, రోజూ సాయంత్రం మానేశాను. చెబితే ఎనిమిది నెలల అబద్ధం కూడా బయటపడుతుంది కదా.

సోమవారం మధ్యాహ్నం తిండివేళకు స్వామి ఫోను చేశాడు.

"బావా, గా దినం కుక్క నీ మాట ఎందుకినలే?"

"కుక్కలు గట్లనే ఉంటయి," అన్నాను.

"గట్లనా. అక్కనేమో, కుక్కలతోని బావ మాట్లాడితె పసిపోరలతోని మాట్లాడినట్టే ఉంటదని జెప్పె."

అక్క అంటే నా భార్య శ్రీలత. "మీ అక్కకెట్ల ఎరుక?" అన్నాను.

"ఎట్ల ఎరుకంటవేంది బావా. నువ్వు ఫోన్ జేసినప్పుడల్ల ఎన్క కుక్కలు మొరుగుతనే ఉంటయి. ఓపారి ఫోన్ బందు జెయ్యకుంట జేబుల ఏసుకున్నవట. దా నా తల్లి, జొర్రు, జొర్రు అనుకుంట అర్ధగంట. అక్క నవ్వి నవ్వి మల్ల ఏడ్సిందట. మమ్ములను గూడ గిట్ల ఒక్కపారి పిలువకపాయె అన్నది. ఊరంత ఎరుకే ఉన్నది. గది సూద్దమనే మేం గా తాడుకాడ నిలవడ్డం. నువ్వేమో మిల్ట్రోని లెక్క ఇంగ్లీషు మొదలువెడ్తివి."

నేను దాచిందేమీ లేదు. దాచానని నేనొక్కడినే అనుకున్నాను. ఎవరూ అడగని పరువు కోసం సుక్కను అందరి ముందూ పిచ్చిది అన్నాను. అన్నం గిన్నె పక్కన పెట్టి, చెయ్యి కూడా కడుక్కోకుండా తుర్కీ ఆఫీసుకు వెళ్ళి మొత్తం చెప్పేశాను.

తుర్కీ అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది. "శుక్రవారం ఇది చెప్పడానికి నీకు ఒక్క నిమిషం పట్టేది," అన్నాడు. కాసేపు బల్ల మీది కాగితాలు సర్దుతూ కూర్చున్నాడు. హఫర్‌వాళ్ళకు మాట ఇచ్చేశానని, రేపు పొద్దున బండి వస్తుందని చెప్పాడు. "వచ్చే నెల నీ ఇకామా రెన్యువల్ ఉంది. ఈ లెవీలతో ఎవరిని ఉంచుకోగలనో నేనే లెక్క చూసుకుంటున్నాను, రాజా."

సుక్కను నా గదిలో పెట్టుకుంటాను, నా తిండిలోనే పెడతాను అని అడుగుదామని వెళ్ళాను. ఇకామా మాట వినగానే ఆ మాట నాలుక మీదే ఆగిపోయింది. సరే ముదీర్ అని బయటికి వచ్చేశాను. శుక్రవారం చేసింది కోపంలో చేశాను. ఇది మాత్రం తెలిసే చేశాను.

మంగళవారం పొద్దున పికప్ వచ్చింది. డ్రైవరు దావూద్ సూడాన్ మనిషి, మంచివాడిలాగే ఉన్నాడు. బండి వెనక ఇనుప బోను, దాని తలుపు గాలికి కొట్టుకుంటోంది. సుక్క దాన్ని చూసి నాలుగు కాళ్ళూ నేలకు తన్నిపెట్టింది. దావూద్ మెల్లగానే గొలుసు లాగాడు. దాని గోళ్ళు సిమెంటు మీద గీరుకున్నాయి, మెడపట్టీ తల మీదికి జారింది. దావూద్ ఆగి తుర్కీ వైపు చూశాడు. తుర్కీ నా వైపు చూశాడు.

"నువ్వు ఎక్కించు," అన్నాడు.

నేను వెళ్ళి బండి పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నాను. తుర్కీ చూస్తున్నాడు, దావూద్ చూస్తున్నాడు, గేటు దగ్గర నీళ్ళ టాంకర్ వాడు చూస్తున్నాడు. ఇనుప రేకును అరచేత్తో తట్టాను. ఎప్పటి గొంతుతోనే, "దా నా తల్లి. నీకేం గాదు, నేనున్న గద," అన్నాను.

సుక్క వణుకు ఆగింది. రెండడుగులు వెనక్కి వేసి, పరిగెత్తుకొచ్చి, ఒక్క గంతులో బోనులోకి దూకింది. లోపల తిరిగి నిలబడి, తోక ఊపుతూ, తర్వాత ఏం చెయ్యమంటావన్నట్టు నన్నే చూసింది.

దావూద్ తలుపు వేసి గడియ పెట్టాడు. "భయపడే కుక్క అని చెప్పారు నాకు. దీనికి భయం ఎక్కడుంది?" అన్నాడు.